తేమ గాలిలో గినీ గడ్డిని ఎండబెట్టిన తీరు: నా అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో వంశధార కాలువ కింద ఉన్న మా అర ఎకరం గినీ గడ్డిని నిరుడు అక్టోబరులో కోసి, పైకి ఎండినట్లు కనిపించగానే మూడో రోజున కుప్ప వేశాను. వారం తిరగకముందే కుప్పలో చెయ్యి పెడితే వేడిగా తగిలింది; విప్పి చూస్తే లోపలంతా బూజు. బూజు పట్టిన మేతను పాడి ఆవులకు పెట్టకూడదు కనుక మొత్తం పెంటకుప్పకు చేర్చవలసి వచ్చింది.

కోసినప్పుడు గడ్డిలో 75 నుంచి 80 శాతం వరకు తేమ ఉంటుంది. నిల్వ చేయడానికి అది 15 శాతం దగ్గరకు దిగాలి. ఆకు త్వరగా ఎండినా కాడ, ముఖ్యంగా కణుపుల దగ్గర, తడిని అంత తొందరగా వదలదు; పైగా మా ప్రాంతపు సముద్రపు గాలి, రాత్రి మంచు కలిసి పగలు ఆరిన గడ్డిని మళ్లీ మెత్తబరుస్తాయి.

ఈసారి పూత మొదలయ్యే దశలోనే, మంచు ఆరిన తరువాత కోసి, పలుచగా పరిచి, రెండుసార్లు తిరగేసి, సాయంత్రానికి వాడిన గడ్డిని వెదురు బొంగులతో కట్టిన మూడుకాళ్ల పందిళ్ల మీద, నేలకు మూరెడు ఎత్తున, గాలి ఆడేలా వేశాను. నేల చెమ్మ తగలకపోవడమే అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. మబ్బు పట్టినప్పుడు పైన మాత్రమే టార్పాలిన్ కప్పి, పక్కలు తెరిచి ఉంచాను.

కుప్ప వేసే ముందు మూత ఉన్న పొడి గాజు సీసాలో గడ్డి ముక్కలు, చెంచాడు పొడి ఉప్పు వేసి ఒక నిమిషం కుదిపాను. ఉప్పు ఉండకడితే తేమ ఇంకా ఉన్నట్లు. ఆరో రోజున ఉప్పు పొడిగా రాలింది. రెండు వారాల తరువాత కూడా కుప్ప లోపల చల్లగానే ఉంది, గడ్డి ఆకుపచ్చదనం పోలేదు.