ఎండాకాలం ఎలకల ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్పా? పోయేముందు ఒకసారి చూడండి

మే నెల వస్తే చాలు, తిరుపతి, చిత్తూరు పక్క బీఫార్మసీ, బయోటెక్, జువాలజీ పిల్లోళ్లకి ఒకటే టెన్షన్, ఎవరికి యాడ ఇంటర్న్‌షిప్ దొరికిందా అని. యానిమల్ హౌస్, అంటే ప్రయోగాలకి ఎలకల్ని, కుందేళ్లని పెట్టుకునే గది, ఉండే ల్యాబ్‌లో దొరికినోళ్ల కోసం ఇది రాస్తా ఉండా. నేను రెండేళ్ల కింద ఆరు వారాలు చేసినా, ల్యాబ్ పేరు ఎందుకులే. పోయేముందు మా అవ్వ "వినాయకుడి వాహనానికి సూదులు పొడిచే పనికి పోతావంట్రా" అనింది, నేను నవ్వేసినా, రెండో వారంలో ఆ వాహనమే నన్ను కరిచింది.

తప్పు ఎలకది కాదు. హాస్టల్‌లో మధ్యాహ్నం బంగినపల్లి మామిడిపండు తిని చెయ్యి ఉత్త నీళ్లతో కడుక్కొని పోయినా, చూస్తే గ్లౌజుల డబ్బా ఖాళీ, ఒక్క ఎలకనే కదా తూకం వేసేది అని ఒట్టి చేత్తోనే కేజ్‌లో చెయ్యి పెట్టినా, అది వచ్చి వేలు వాసన చూసింది, ఒక్క సెకను ఆగింది, తినేదే అనుకొని కొరికేసింది. రెండు చుక్కలు రక్తం. సార్ తిడతాడని చెయ్యి జేబులో పెట్టుకొని బయటికి వచ్చి బ్యాండ్ ఎయిడ్ వేసుకున్నా, ఎవరికీ చెప్పలా. మూడో రోజు రాత్రికి వేలు వంకాయ మాదిరి వాచింది, జ్వరం. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న టీటీ ఎప్పుడు వేయించుకున్నావ్ అని, నాకు గుర్తే లేదు. మామూలు ఇన్ఫెక్షన్ కాబట్టి యాంటీబయాటిక్‌తో తగ్గిపోయింది గానీ ఎలక కాటుతో వచ్చే జ్వరం ఒకటి ఉండాది, గాయం మానిపోయినట్టే ఉంటుంది, కొన్ని రోజులకి జ్వరం, కీళ్ల నొప్పులు, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి, అప్పుడు ఎలక కరిచింది అని నువ్వు చెప్పకపోతే డాక్టర్‌కి కూడా తట్టదు.

కాబట్టి కరిస్తే దాచొద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కో, గడియారం చూసుకొని కడుగు, మనకి రెండు నిమిషాలే పదిహేను మాదిరి అనిపిస్తుంది. సార్‌కో మేడమ్‌కో చెప్పు, రిజిస్టర్‌లో రాయించు, ఆస్పత్రికి పో. టీటీ వేయించుకొని ఐదేళ్లు దాటి ఉంటే పోయేముందే డాక్టర్‌ని అడిగి వేయించుకొని పో. వెటర్నరీ పక్క అయి కుక్కో పిల్లో కరిస్తే మాత్రం ఆ రోజే రేబిస్ టీకాకి పోవాల్సిందే, రేపు చూద్దాం అనేది లేదు.

పట్టుకునేది అటెండర్ అన్న దగ్గర నేర్చుకోండి, మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ అక్కోళ్ల కంటే ఆయన చెయ్యే నిదానం. చిట్టెలకని తోక మొదట్లో పట్టుకొని మెడ వెనక తోలు పట్టుకుంటారు. పెద్ద ఎలకని తోక కొసన పట్టి ఎత్తితే తోలు ఊడి చేతికొచ్చేస్తుంది, నిజంగా. కుందేలుకి వెనక కాళ్ల కింద చెయ్యి ఆనించాలి, లేకుంటే అది తన్నుకొని తన నడుం తనే విరగ్గొట్టుకుంటుంది. మల్లెపూలు, సెంటు, గాజులు, ఉంగరాలు రూమ్‌లోనే పెట్టి పోండి, కాళ్లకి చెప్పులు కాదు, మూసిన షూస్.

సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, అట్లాగే షార్ప్స్ డబ్బాలో (వాడిన సూదులు, బ్లేడ్లు పడేసే గట్టి డబ్బా) వేసెయ్యి, మూత పెట్టబోయే ఎక్కువ మంది పొడుచుకుంటారు. పొడుచుకుంటే అందులో ఏ మందు ఉండిందో కూడా చెప్పాల. షుగర్ స్టడీ అయితే ఎలకలకి స్ట్రెప్టోజోటోసిన్ ఇస్తారు, అది మనకీ మంచిది కాదు, క్యాన్సర్ తెచ్చే రకం, పొడి తూకం హుడ్ (గాలిని బయటికి లాగేసే పెట్టె) కిందే వెయ్యాల, ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాత ఆ కేజ్‌లో ఊక మార్చేటప్పుడు కూడా గ్లౌజులు, మాస్క్ ఉండాల.

తుమ్ములొస్తే ఏసీ వల్ల అనుకోవద్దు. ఎలకల మూత్రంలో ఉండే ప్రోటీన్ ఊకతో పాటు దుమ్మయి లేస్తుంది, దానికి అలర్జీ చానామందికి వస్తుంది, ముందే ఆస్తమా ఉంటే చేరే రోజే చెప్పెయ్. సర్జికల్ మాస్క్ చాలదు, ఎన్95 అడుగు. ల్యాబ్ కోటుతో క్యాంటీన్‌కి పోవద్దు, గ్లౌజు చేత్తో ఫోన్ ముట్టుకోవద్దు, ఆ ఫోనే కదా మళ్లీ చెంపకి పెట్టుకునేది.

ఇంకొకటి, పని మొదలుపెట్టే ముందు ఆ ప్రాజెక్టుకి ఐఏఈసీ (జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ) అప్రూవల్ ఉందా, అందులో ఏమేం చెయ్యొచ్చని రాసుంది అని అడగండి, అడిగితే తప్పేం లేదు, 1960 జంతు హింస నిరోధక చట్టం కింద ఉండేదే ఇదంతా. లోపల ఫొటోలు తీసి స్టేటస్ పెట్టొద్దు. చివర్లో ఎలకల్ని చంపే రోజు ఉంటుంది, అది ముందే తెలుసుకో, చూడలేకపోతే చూడలేనని చెప్పు, మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ధైర్యంగా నిలబడి తర్వాత వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మన ఊరి ఎండ సంగతి వేరే. బయట 42 ఉంటుంది, యానిమల్ హౌస్‌లో 18 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాల. కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ మూసిన రూమ్ తొందరగా వేడెక్కిపోతుంది. ఎలకకి మన మాదిరి చెమట పట్టదు, తోక నుంచి వేడి పోగొట్టుకుంటుంది, ఎంగిలి ఒంటికి పూసుకుంటుంది. కాళ్లు చాపి బోర్లా పడుకొని గడ్డం కింద తడిగా కనిపిస్తే వెంటనే సార్‌కో మేడమ్‌కో ఫోన్ చెయ్యాల. నీళ్ల బాటిల్ నిండుగా ఉందని వదిలెయ్యొద్దు, నిపుల్‌లో గాలి ఇరుక్కుంటే చుక్క రాదు, వేలితో తట్టి చూడు. షుగర్ ఎలకలు మామూలు వాటికంటే చానా తాగుతాయి, చానా పోస్తాయి, పొద్దున నింపింది సాయంత్రానికి ఖాళీ, ఊకంతా ముద్ద.

గంగమ్మ జాతర వారంలో ఇది మరీ చూసుకోండి. సగం మంది వేషాలు చూడ్డానికి పోతారు, మిగతా సగం ఊర్లకి. ఆదివారం నీళ్లు ఎవరు పెట్టాలో పేరు, ఫోన్ నంబర్ కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. గ్రూపులో మెసేజ్ పెట్టినా అంటే చాలదు, ఆ మనిషి ఫోన్ ఎత్తి "ఆ, నేను పోతాలే" అనిందాకా చెయ్యండి.