పాత అమెరికన్ వెండి చెంచాలు, 3వ పాఠం: కాడ వెనక ఉన్న పేరు ఎవరిది?

చెంచా అసలు వెండిదా, పూత పూసినదా అన్నది పోయిన పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు అది ఎవరి చేతిపనో చూద్దాం. భూతద్దం దగ్గర పెట్టుకోండి. పూజ సామాను తోమినట్టు విభూతి పెట్టి గట్టిగా రుద్దకండి. ముద్ర అరిగిపోతే మళ్లీ రాదు.

ముందు కాడ పైవైపు చూడండి. అక్కడ వంపులు తిరిగిన అక్షరాలు చెక్కి ఉంటే అవి సాధారణంగా సొంతదారువి. మనం స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకుంటామే, అలాంటివి. మూడక్షరాలు త్రిభుజంలా ఉంటే పైది ఇంటిపేరు, కింది రెండూ భార్యాభర్తల పేర్లలోని మొదటి అక్షరాలు కావచ్చు.

ఇక తిప్పండి. పాత చెంచాల్లో కాడ వెనక చిన్న పల్లపు గడి, అందులో ఉబ్బెత్తుగా అక్షరాలు కనిపిస్తాయి. బోస్టన్ కంసాలి పాల్ రెవీర్ తన ఇంటిపేరును ఇలాగే గడిలో కొట్టేవాడు. ఇంగ్లండులోలా వెండిని పరీక్షించి ముద్ర వేసే ప్రభుత్వ వ్యవస్థ అమెరికా అంతటికీ లేదు. బాల్టిమోర్‌లో మాత్రం 1814 నుంచి 1830 దాకా అలాంటి చట్టం ఉండేది. మిగతాచోట్ల పనివాడి పేరే హామీ. అందుకే ఆ చిన్న గడి అంటే నాకు అంత గౌరవం.

అయితే 19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి పెద్ద వర్క్‌షాపులు చెంచాలు చేసి పంపితే, ఊళ్లోని నగల షాపువాళ్లు తమ పేరు కొట్టి అమ్మడం మామూలైంది. కాబట్టి పేరుతో పాటు ఊరి పేరు కూడా ఉంటే దాన్ని అమ్మిన చోటుగానే రాసుకోండి. పక్కన ఇంకో బుల్లి ముద్ర ఉందేమో వెతకండి. అసలు చేసినవాళ్లు అక్కడ దొరకవచ్చు. ‘కాయిన్’ అని ఉంటే అది పేరు కాదు, నాణేల వెండి అని చెప్పడం. 1837 చట్టం ప్రకారం అమెరికా నాణేల్లో వెయ్యికి 900 పాళ్లు వెండి.

ఎక్కువమంది పొరబడేది సింహం దగ్గర. సింహం, లంగరు కనిపించగానే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనేస్తారు. మూడో గుర్తు కూడా చూడండి. పాతకాలపు రాతలో ‘జి’ అక్షరం ఉంటే అది రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లోని గోరమ్ కంపెనీది. 1868లో వాళ్లు స్టెర్లింగ్‌కి, అంటే వెయ్యికి 925 పాళ్లకి మారారు. ఆ ఏడాది నుంచే సంవత్సరాన్ని చెప్పే అక్షరం కూడా కొట్టడం మొదలుపెట్టారు.

ముద్ర చదవడానికి రాకపోతే ఆకారం సాయం చేస్తుంది. కాడ చివర శవపేటికలా కోసినట్టుంటే సుమారు 1800 ప్రాంతం, వయొలిన్‌లా భుజాలుంటే 1810 తర్వాతి దశాబ్దాలు.

ఈ వారం పని: మీ చెంచా ముద్రను కాగితం మీద పెద్దదిగా గీయండి. అక్షరాలే కాదు, గడి అంచు సూటిగా ఉందా, రంపపు పళ్లలా ఉందా అన్నది కూడా గీయాలి. ఒకే అక్షరాలున్న ఇద్దరు కంసాలులను వచ్చే పాఠంలో ఆ అంచుతోనే విడదీస్తాం.