అక్టోబర్ సెలవుల్లో కుటుంబంతో లేక్ డిస్ట్రిక్ట్‌కు: బయల్దేరే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లో అక్టోబర్ చివర్లో బడులకు వారం రోజుల హాఫ్ టర్మ్ సెలవులు వస్తాయి. మన ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను, పిల్లలను వెంటబెట్టుకుని శని, ఆదివారాలు దేశానికి వాయవ్యాన కొండలు, చెరువులతో నిండిన లేక్ డిస్ట్రిక్ట్‌లో గడిపి వద్దామని చాలా తెలుగు కుటుంబాలు అప్పుడే కాటేజీ బుక్ చేసుకుంటాయి. కొండలు రాగిరంగు తిరిగి కళ్లకు పండగలా ఉండే రోజులవి. ఆ రోజుల్లో అన్నిటికన్నా ముందు లెక్క చూసుకోవాల్సింది పొద్దు ఎప్పుడు గూకుతుందన్నది.

అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అక్కడి కెజిక్ ఊళ్లో శనివారం సాయంత్రం సుమారు 5:40కి అస్తమించిన సూర్యుడు, ఆదివారం 4:40కే వెళ్లిపోతాడు. నిన్న ఈ వేళకు వెలుగు ఉంది కదా అనుకుని నడక మొదలుపెట్టినవాళ్లు దిగేటప్పుడు చీకట్లో చిక్కుకుంటారు. లోయలో ఎండ ఇంకా ముందే కొండ చాటుకు పోతుంది. మబ్బు పట్టిందంటే నాలుగింటికే మసక.

నడకకు ఎంతసేపు పడుతుందో కట్టే పాత లెక్క ఒకటుంది: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. కెజిక్ దగ్గరి క్యాట్‌బెల్స్ కొండ ఎత్తు 451 మీటర్లు. కొండ కింద డెర్వెంట్‌వాటర్ చెరువు పక్కనున్న హాస్ ఎండ్ నుంచి ఎక్కి దిగితే నడక దాదాపు 5.5 కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 350 మీటర్లు. లెక్క ప్రకారం గంటా నలభై నిమిషాలు. ఇది ఆగకుండా నడిచే పెద్దవాళ్ల లెక్క. ఏడెనిమిదేళ్ల పిల్లలుంటే దాన్ని రెట్టింపు చేయండి, అంటే మూడుంబావు గంటలు పైనే. ఆదివారం పదకొండు దాటితే ఆ కొండ మానేసి చెరువు గట్టున నడవడమే మేలు. శిఖరం దగ్గర చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన రాళ్లున్నాయి. ఏళ్ల తరబడి బూట్లు రాసుకుని అవి నున్నబడ్డాయి, తడిస్తే సబ్బు రాసినట్టు జారతాయి. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ మంది అక్కడ బిగుసుకుపోతారు. వాన పడుతుంటే పిల్లలతో అటు వెళ్లకండి. లాంచీలో హాస్ ఎండ్ చేరేవాళ్లు తిరుగు ప్రయాణానికి చివరి లాంచీ ఎన్నింటికో పొద్దున్నే అడిగి తెలుసుకోండి, ఈ కాలంలో లాంచీలు తక్కువ.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, తోపుడు బండిలో పసిపిల్లలున్నవాళ్లకు మంచి దారులు వేరే ఉన్నాయి. టార్న్ హౌస్ చెరువు చుట్టూ సుమారు 3 కిలోమీటర్ల చదునైన బాట ఉంది, ఎక్కి దాటాల్సిన కంచెలు లేవు. కెజిక్ నుంచి థ్రెల్‌కెల్డ్‌కు పాత రైలు దారిపై వేసిన బాట 5 కిలోమీటర్లు. 2015 వరదల్లో దాని వంతెనలు కొట్టుకుపోతే మరమ్మతు చేసి 2020 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు.

ఆ వరద సంగతి ఊరికే ఎత్తలేదు. ఇక్కడి సీత్‌వైట్ ఇంగ్లండ్‌లో జనం నివసించే చోట్లన్నిటిలో ఎక్కువ వాన పడే ఊరు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైమాటే, హైదరాబాద్‌కు సుమారు 800. 2015 డిసెంబర్‌లో డెస్మండ్ తుపాను వచ్చినప్పుడు దగ్గర్లోని హానిస్టర్ పాస్ వద్ద 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు కురిసింది. అందుకే బయల్దేరే ముందు రోజు రాత్రీ, ఆ రోజు పొద్దునా లేక్ డిస్ట్రిక్ట్ వెదర్‌లైన్ వెబ్‌సైట్‌లో కొండపైన ఉండే వాతావరణం చూడండి. ఫోన్‌లో కెజిక్ ఊరికి చూపించేది లోయ సంగతి. పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుంది, గాలి దానికి తోడవుతుంది.

బట్టల దగ్గర ఎక్కువ మంది చేసే పొరపాటు జీన్స్. తడిస్తే బరువెక్కి, ఆరక, కాళ్ల వేడిని లాగేస్తాయి. ఒంటికి తగిలే బట్ట ఉన్నిదో పాలిస్టర్‌దో ఉండాలి, దానిపై ఫ్లీస్, ఆపైన వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు. అమ్మ చీరే కడతానంటే చదునైన బాటకే తీసుకెళ్లండి. కుచ్చెళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటే పడిపోతారు. అరిగిన స్పోర్ట్స్ షూలు ఈ పలకరాళ్లపై పనికిరావు.

వీపున క్యారియర్‌లో మోసే పసిబిడ్డ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మోసే నాన్నకు చెమట పడుతుంటుంది, కదలకుండా కూర్చున్న బిడ్డ మాత్రం చల్లబడిపోతుంటుంది. ఇరవై నిమిషాలకోసారి ఆగి, చొక్కా లోపల ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. చేతులు చల్లగా ఉండటం మామూలే, ఛాతీ చల్లగా ఉంటే వెంటనే వెనుదిరగండి. ఏడ్చే బిడ్డ ఏడుపు ఆపి మందకొడిగా అయితే నిద్ర అని సరిపెట్టుకోవద్దు.

డ్రైవింగ్‌కు వస్తే, ఆంబుల్‌సైడ్ నుంచి ఎస్క్‌డేల్ వైపు వెళ్లేవాళ్లను నావిగేషన్ దగ్గరి దారి అంటూ రైనోస్, హార్డ్‌నాట్ కనుమల మీదికి పంపొచ్చు. హార్డ్‌నాట్‌లో కొన్ని మలుపులు మూడడుగులకు ఒక అడుగు లేచే నిటారు. అలవాటు లేకపోతే అటు పోకండి. ఒక్క బండి పట్టే రోడ్లలో ఆగి దారివ్వడానికి వెడల్పు చేసిన చోట్లుంటాయి. అది మీ ఎడమ పక్కనుంటే అందులోకి తప్పుకోండి, కుడి పక్కనుంటే దానికి ఎదురుగా మీ వైపే ఆగండి. అక్కడ పార్కింగ్ చేయకూడదు. రోడ్డుపై నీళ్లు పారుతుంటే లోతు అంచనా వేస్తూ కూర్చోవద్దు, తిప్పేయండి. పారే నీళ్లు అడుగు లోతుంటే చాలు, కారు తేలిపోతుంది. 12 ఏళ్లు నిండని, 135 సెంటీమీటర్ల ఎత్తు రాని పిల్లలకు తగిన కారు సీటు ఉండాలి. అందరూ పడతారని అద్దెకు తీసుకున్న ఏడు సీట్ల బండికీ ఇదే నియమం.

చెరువుల్లో నీళ్లు ఈ కాలంలో 15 డిగ్రీల లోపే. పడ్డవాళ్లకు మొదట వచ్చేది ఆగని ఎగశ్వాస, అప్పుడే నీళ్లు మింగేస్తారు. ఈదబోకుండా వెనక్కి వాలి, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదుటపడేదాకా తేలాలి. ఇది పిల్లలకు ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి. కాపాడబోయి మీరు దూకొద్దు. తేలేది ఏదైనా విసిరి ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి ఫైర్ సర్వీస్‌ను అడగండి.

కాటేజీలో తాళింపు వేసేటప్పుడు ఫ్యాన్ వేసి కిటికీ తెరవండి. పొగ అలారం మోగుతోందని దానికి సంచి కట్టడం, బ్యాటరీ తీయడం ప్రాణం మీదికి తెస్తుంది. కట్టెల పొయ్యి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, బటన్ నొక్కితే మోగుతుందో లేదో చేరగానే చూడండి. చలికి కుంపటిలా ఉంటుందని బార్బెక్యూ బొగ్గులను, అవి ఆరినట్టు కనిపించినా సరే, లోపలికి తేవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

పెద్ద సూపర్‌మార్కెట్లు ఆదివారం ఆరు గంటలే తెరుస్తారు, కాబట్టి పాలు, పెరుగు శనివారమే కొనుక్కోండి. విజిటర్ వీసాపై వచ్చిన అమ్మానాన్నలకు ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకే ఉచితం, ఆసుపత్రిలో చేర్చుకుంటే బిల్లు ప్రభుత్వ రేటుకు ఒకటిన్నర రెట్లు. బీపీ, షుగర్ రాసి చూపించిన ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. ఇన్సులిన్‌ను రాత్రి కారు డిక్కీలో వదలకండి, గడ్డకడితే ఇక వాడకూడదు. నడకలో షుగర్ పడిపోవచ్చు, జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచండి.

బారోడేల్, బటర్‌మియర్, వాస్‌డేల్ లోయల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. క్యాట్‌బెల్స్ వైపుకు ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్ 4 కాగితం మ్యాపు తీసుకెళ్లండి, అందులో 4 సెంటీమీటర్లంటే కిలోమీటరు. తలకు కట్టుకునే లైటు మనిషికొకటి ఉండాలి. ఫోన్ లైటు వాడితే సాయం పిలవాల్సిన ఫోనే చచ్చిపోతుంది. ఇంట్లోనే ‘రిజిస్టర్’ అనే ఇంగ్లిష్ మాటను 999కి మెసేజ్ చేసి, వచ్చిన జవాబుకు ‘యెస్’ అని పంపండి. అలా నమోదైతే ఆపదలో 999కి మెసేజ్ పంపి సాయం అడగొచ్చు, మాట్లాడటానికి చాలని సిగ్నల్‌లో కూడా మెసేజ్ వెళ్లే అవకాశం ఉంటుంది. కొండపై ఎవరికైనా దెబ్బ తగిలితే 999లో ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వాళ్లు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. మొహమాటపడి చీకటి పడేదాకా ఆగకండి. ఫోన్ పని చేయకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. బదులు వినిపించినా ఆపొద్దు, మీరు ఉన్న చోటికి వాళ్లు చేరేదాకా ఊదుతూనే ఉండాలి.