ముందు నాయనమ్మ పుట్టిల్లు కనుక్కోండి

మా పెదనాన్న గీసిన వంశవృక్షం ఒకటి మా ఇంట్లో ఉంది. ముత్తాత, ఆయన కొడుకులు, వాళ్ల కొడుకులు. అందులో ఒక్క ఆడమనిషి పేరు లేదు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, సగం గడులు ఖాళీగా ఉన్న పట్టిక చూస్తే నాకు చేతులు ఊరుకోవు. పైగా ఇది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. మగవాళ్ల ఆనవాళ్లు కూడా చాలాసార్లు ఆడవాళ్ల ఊళ్లలోనే దొరుకుతాయి.

ఎందుకంటే మన ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వెళ్తారు. తొలి కాన్పు దాదాపుగా అక్కడే. కాబట్టి మీ తాతగారు ఇంటికి పెద్దకొడుకైతే, ఆయన జనన నమోదు కోసం ఆయన సొంత ఊళ్లో వెతికి లాభం లేదు. వాళ్లమ్మ పుట్టినూరి పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో అడగాలి. ఆ ఊరు పట్టుకోవడమే మొదటి పని.

పెద్దవాళ్ల దగ్గర కూర్చుని "మన వంశం గురించి చెప్పండి" అనకండి. వెంటనే గొంతు సవరించుకుని గొప్పలు చెబుతారు, లేదా "ఏముంది చెప్పడానికి" అంటారు. చిన్న ప్రశ్నలు వేయండి. మీ అమ్మ పురిటికి ఏ ఊరు వెళ్లింది? సంక్రాంతికి బండి ఎటు కట్టేవారు? మేనమామ ఏ ఊరి నుంచి సారె తెచ్చాడు? మా పెద్ద మేనత్తకు తన తాత పేరు గుర్తులేదు గానీ, ఆయన ఊరికి వెళ్లాలంటే ఏ కాలవ దాటాలో గుర్తుంది. కాలవ తెలిస్తే ఊరు తెలిసినట్టే.

అటక మీది ఇత్తడి సామాను కిందికి దింపించండి. బిందెల మీద, గుండిగల మీద ఇచ్చినవాళ్ల పేర్లు కొట్టించే అలవాటు మనకు ఉంది. ఒక్కోసారి ఊరు, తేదీ కూడా ఉంటాయి. చింతపండుతో తోమితే అక్షరాలు తేలతాయి. తోమే ముందే ఒక ఫొటో తీసుకోండి, అరిగిన అక్షరం మరింత అరగవచ్చు.

ఇక ఆడవాళ్ల పేర్లు వరసగా దొరికే చోటు ఒకటుంది, చాలామందికి తట్టదు. మహాలయ పక్షంలో తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, తల్లివైపు తాత, ఆయన తండ్రి, తాత, వాళ్ల భార్యల పేర్లు కూడా గోత్రంతో చెప్పాలి. ఆ తర్వాత పినతండ్రులు, మేనమామలు, మేనత్తలు, అక్కచెల్లెళ్లు వస్తారు. సవతి తల్లికీ అందులో చోటుంది. ఇంట్లో ఎవరూ నోరెత్తని రెండో పెళ్లి ఈ జాబితాలో నిశ్శబ్దంగా కూర్చుని ఉంటుంది. ఈ ఆచారం లేని కుటుంబాల్లో కూడా పెద్దల అమావాస్యనాడు స్వయంపాకం ఇచ్చేటప్పుడు పేర్లు చెబుతారు. 2015 గోదావరి పుష్కరాలకో, 2016 కృష్ణా పుష్కరాలకో పిండప్రదానం చేసినవాళ్లు పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి ఉంటారు. ఆ కాగితం అడగండి. పాత లగ్నపత్రికలు, శుభలేఖలు ఉంటే మరీ మంచిది. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు రెండు వైపులా మూడేసి తరాలు వస్తాయి కాబట్టి, పెళ్లి వీడియోలో ఆ ఘట్టం ఒకసారి వినండి.

పేర్లు దొరికాక తేదీల తలనొప్పి మొదలవుతుంది. మా తాతమ్మ ధాత కరువులో పుట్టిందని మా ఇంట్లో అనేవారు. ధాత నామ సంవత్సరం 1876-77లో వచ్చింది, మళ్లీ 1936-37లో వచ్చింది. కరువు మొదటిదానిదే. అలాగే గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన డొక్కల కరువు 1832-33 నాటిది, నందన సంవత్సరం కనుక నందన కరువనీ అంటారు. జాతకచక్రంలో సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అరవై ఏళ్ల తేడాతో ఉన్న రెండు మూడు సంవత్సరాలనూ రాసుకుని, అందులోని వారం, తిథి, నక్షత్రం దేనికి కుదురుతాయో పాత పంచాంగంతో సరిచూడండి. (నాకు ఈ పనిలో ఉన్న సరదా మరెందులోనూ లేదు.) సంవత్సరం పేరు కూడా లేకపోతే సంఘటనలు ఉపయోగపడతాయి: రంగూను నుంచి నడిచి వచ్చేశారంటే 1942 ప్రాంతం, దివిసీమ ఉప్పెన అంటే 1977 నవంబరు. బడి రిజిస్టరులో ఊరు, తండ్రి పేరు నమ్మవచ్చు. పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి. జూన్, జూలై మొదటి తేదీల్లో పుట్టిన పిల్లలు అంతమంది ఉండటం మేష్టార్ల సౌకర్యమే తప్ప గ్రహాల మహిమ కాదు.

భూమి ఉన్న కుటుంబమైతే తర్వాతి మజిలీ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. ఆన్‌లైన్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక) సాధారణంగా 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి కావాలంటే స్వయంగా వెళ్లాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ఒకటో సూచిక మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో ఉంటుంది. వీలునామాల పుస్తకం అలా అందరికీ చూపరు. మంచి ముహూర్తాలున్న రోజుల్లో వెళ్తే మీ మొహం చూసేవారుండరు, మూఢాల్లో వెళ్లండి.

అక్కడ అమ్మకం దస్తావేజుల కంటే ముందు పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన దస్తావేజులు వెతకండి. మామూలు కాగితంలో ఆమె ఫలానావారి భార్య మాత్రమే. ఇందులో రాసిచ్చిన తండ్రి, పుచ్చుకున్న కూతురు, అల్లుడు, రెండు ఊళ్లూ ఒక్క పేజీలో దొరుకుతాయి. రెండు ఇంటిపేర్లకు ముడివేసే కాగితం ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

పాత కాగితాల్లో జిల్లా పేరు చూసి కంగారుపడకండి. గుంటూరు జిల్లా 1904లో మళ్లీ ఏర్పడేవరకు బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. ఏలూరు 1904 వరకు గోదావరి జిల్లాలో, ఆ తర్వాత 1925 వరకు కృష్ణాలో ఉంది. దక్షిణాఫ్రికా, మారిషస్‌లకు కూలికి వెళ్లినవారి ఓడ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా రాసేవారు. అక్కడి నుంచి ఊరు వెతుక్కుంటూ వచ్చే మనవలు ఈ పాత సరిహద్దులు దగ్గర పెట్టుకోవాలి.

సెంటు భూమి లేనివాళ్లను ఈ దస్తావేజులు పట్టించుకోవు. వాళ్లకు బడి రిజిస్టరు, చర్చిలో బాప్తిస్మ రిజిస్టరు దిక్కు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ధాత కరువు వెనువెంటనే, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అటువైపు కుటుంబాలవారు సంఘ కాపరిని అడిగి చూడాలి.

రాసేటప్పుడు ప్రతి మనిషికీ ఒక అంకె ఇవ్వండి, పేరును నమ్ముకోకండి. తాత పేరు మనవడికి పెడతాం గనుక ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఇంటిపేరు హఠాత్తుగా మారితే ముందు దత్తత ఏమోనని చూడండి. ఇల్లరికం వెళ్లినవారికి ఇంటిపేరు మారకపోయినా ఊరు మారుతుంది. దత్తత వెళ్లినవాళ్లకు కన్న తల్లిదండ్రులనూ పెంచినవాళ్లనూ వేర్వేరు గీతలతో కలపండి. ప్రతి వివరం పక్కన ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో రాయండి. పెళ్లయి వచ్చిన ప్రతి స్త్రీకీ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు అనే రెండు గడులు తప్పక పెట్టండి, తెలియకపోతే ఖాళీగా ఉంచండి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, రెండో పెళ్లిళ్ల సంగతులు ఉన్న ప్రతి మీ దగ్గరే ఉండాలి. చుట్టాలకు పంచేది వేరే ప్రతి.