ఫుట్‌బాల్ మేనేజర్ విద్య – 4వ పాఠం: మాట వినని ఆటగాడు

కొత్త క్లబ్బులో మొదటి వారం ప్రాక్టీసును ఎలా నడపాలో గత పాఠంలో చూశాము. ఆ వారం ముగిసేసరికి సహాయ కోచ్‌లు మీకు కొన్ని పేర్లు చెబుతారు. ఫలానావాడు ఎప్పుడూ ఆలస్యమే, ఫలానావాడు బంతి కోసం పరుగెత్తడు, ఫలానావాడితో ఎవరికీ పడదు అంటారు. ఆ పేర్లను రాసుకోండి, కాని వాటిని బట్టి వెంటనే ఎవరినీ పక్కన పెట్టకండి. తలబిరుసు అన్న ఒక్క ముద్ర కింద మనసు విరిగినవాడూ, నియమాన్ని ఖాతరు చేయనివాడూ కలిసిపోయి ఉంటారు. వీరిద్దరికీ వైద్యం ఒకటి కాదు.

జట్టు మొత్తాన్నీ ఒకే గాటన కట్టితే ఏమవుతుందో 1974లో లీడ్స్ యునైటెడ్‌కు మేనేజరుగా వెళ్లిన బ్రయన్ క్లఫ్ కథ చెబుతుంది. ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్లుగా ఉన్న ఆ ఆటగాళ్లతో, మీరు గెలిచిన పతకాలన్నీ మోసంతో వచ్చినవే, వాటిని చెత్తబుట్టలో పారేయండి అన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడారని చెబుతారు. ఆయన ఉద్యోగం 44 రోజుల్లో ముగిసింది. తరువాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిచిన మనిషికి ఆట తెలియదని అనలేము. తెలియనిది ఆ డ్రెస్సింగ్ రూములోని మనుషులు. ఇక దీనిని వదిలేద్దాం. ఈ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లండన్ క్లబ్బు ఆర్సెనల్.

మికెల్ ఆర్టెటా 2019 డిసెంబరులో అక్కడ మేనేజరుగా బాధ్యత తీసుకునేనాటికి మిడ్‌ఫీల్డర్ గ్రానిట్ జాకా వెళ్లిపోవడానికి పెట్టెలు సర్దుకొని ఉన్నాడు. అంతకు రెండు నెలల ముందు, అక్టోబరు 27న, క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్‌లో అతన్ని బయటికి పిలిచినప్పుడు సొంత అభిమానులే గేలి చేశారు. అతడు మెల్లగా నడుస్తూ చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా అరవండి అన్నట్టు చూపి, జెర్సీ విప్పి నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. కెప్టెన్సీ పోయింది. పైకి చూస్తే ఇది పచ్చి ధిక్కారమే. కాని సోషల్ మీడియాలో అతని భార్యనూ పసిబిడ్డనూ ఉద్దేశించి వచ్చిన దూషణలను అతడు ఆ తరువాత బయటపెట్టాడు. ఆర్టెటా అతన్ని కూర్చోబెట్టి మాట్లాడి, ఉండమని ఒప్పించారు. జాకా మరో మూడున్నర సీజన్లు ఉండి, చివరి సీజన్‌లో ఆర్సెనల్ తరఫున తన కెరీర్‌లోకెల్లా ఎక్కువ గోల్స్ చేసి, అదే అభిమానుల చప్పట్ల మధ్య వీడ్కోలు తీసుకున్నాడు.

ఈ మాటామంతీని మీరు ఎలా నడపాలి? గాజు గోడల ఆఫీసులో, అందరూ చూస్తుండగా పిలవకండి; ప్రాక్టీసు ముగిశాక మైదానం పక్కన నడుస్తూ మాట్లాడటం మేలు, ఎందుకంటే ఎదురెదురుగా కూర్చున్న మనిషి తన వాదన వినిపించడానికి సిద్ధపడతాడు, పక్కన నడిచే మనిషి తన కష్టం చెప్పుకోవడానికి సిద్ధపడతాడు. మొదట మీరు అడగవలసింది ఏం జరిగిందని మాత్రమే; ఎందుకు చేశావు అని కాదు. పాత మేనేజరు గురించి అతడు ఫిర్యాదు చేస్తే తల ఊపకండి, ఖండించకండి. అతని నుంచి మీకు కావలసింది ఆటలో ఏమిటో ఒక్క విషయం స్పష్టంగా చెప్పండి. ఆ తరువాత రెండు వారాలు చూడండి. మనసు విరిగినవాడు ఆ గడువులో ఏదో ఒక మార్పు చూపిస్తాడు. నియమాన్ని ఖాతరు చేయనివాడు మీ ముందు తల ఊపి, మైదానంలో పాత పాటే పాడతాడు.

అటువంటివాడి విషయంలో ఆర్టెటా మెత్తబడలేదు. 2020 జూన్‌లో బ్రైటన్ చేతిలో ఓడిన మ్యాచ్ చివర ప్రత్యర్థి గొంతు పట్టుకున్న యువ మిడ్‌ఫీల్డర్ మాతెయో గెందూజీ ఆ తరువాత ఆర్సెనల్ తరఫున మళ్లీ ఆడలేదు. కుర్రవాడిని, ఎంత ప్రతిభావంతుడైనా, శిక్షించడం సులువే అనుకుందాం. అసలు పరీక్ష కెప్టెన్ పియెర్ ఎమెరిక్ ఒబామెయాంగ్ రూపంలో వచ్చింది. 2020 ఎఫ్.ఎ. కప్ ఫైనల్‌లో చెల్సీపై రెండు గోల్స్ కొట్టి ఆర్టెటాకు తొలి ట్రోఫీ అందించినవాడు అతడే. 2021 మార్చి 14న టోటెన్‌హామ్‌తో మ్యాచ్ రోజు అతడు ఆలస్యంగా వచ్చాడు. ఆర్టెటా అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టి, మరో స్ట్రైకర్ లాకజెట్‌ను ఆడించారు. లాకజెట్ పెనాల్టీతో ఆర్సెనల్ 2-1తో గెలిచింది. అయితే ఆ ఫలితాన్ని చూసి నిర్ణయం సరైనదని అనకండి. ఓడినా అది సరైనదే అయ్యేది. అదే ఏడాది డిసెంబరులో మరో క్రమశిక్షణ ఉల్లంఘన జరిగినప్పుడు కెప్టెన్సీ తీసేశారు, 2022 ఫిబ్రవరిలో అతడు బార్సిలోనా చేరాడు.

ఇక్కడ శిష్యులు సాధారణంగా చూడని లెక్క ఒకటి ఉంది. ఒబామెయాంగ్ కాంట్రాక్టు రద్దయి వెళ్లాడు గనుక అతన్ని అమ్మితే వచ్చే ట్రాన్స్‌ఫర్ రుసుము క్లబ్బుకు రాలేదు, ఆటగాళ్లను కొనడానికి అనుమతించే ఆ గడువులో (ట్రాన్స్‌ఫర్ విండోలో) అతని స్థానంలో మరో స్ట్రైకర్‌నూ కొనలేదు, సీజన్ చివర రెండు పాయింట్ల తేడాతో యూరప్ మేటి క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో స్థానాన్ని టోటెన్‌హామ్ ఎగరేసుకుపోయింది. మిడ్‌ఫీల్డర్ మెసుత్ ఓజిల్‌ను 2020 అక్టోబరులో లీగ్ మ్యాచ్‌లకు అర్హులైన ఆటగాళ్ల జాబితా నుంచి తప్పించినప్పుడూ, ఆడని మనిషికి 2021 జనవరి వరకు భారీ జీతం చెల్లించవలసి వచ్చింది. కాబట్టి ఎవరినైనా పక్కన పెట్టేముందు యాజమాన్యంతో ఆ ఖర్చు గురించి ముందే మాట్లాడుకోండి. వారి మద్దతు లేకుండా మీరు వేసిన శిక్షను నెల తరువాత వారే రద్దు చేస్తే, ఆ డ్రెస్సింగ్ రూములో మీ మాటకు చిల్లిగవ్వ విలువ ఉండదు. ఆర్టెటాకు ఆ అండ దొరికింది. అది లేని మేనేజరు ఆయనను అనుకరించడం నా దృష్టిలో తొందరపాటే.

అభ్యాసం: మీ స్ట్రైకర్ 14 గోల్స్ కొట్టాడు, మూడు వారాల్లో రెండుసార్లు టీమ్ మీటింగుకు ఆలస్యమయ్యాడు, కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుంది, ఆదివారం పొరుగు ప్రత్యర్థితో మ్యాచ్ (డెర్బీ). అతనితో మీరు మాట్లాడే మొదటి మూడు వాక్యాలు కాగితం మీద రాయండి. తరువాత, అతని తల్లి ఆసుపత్రిలో ఉన్నదని తెలిసిందనుకొని ఆ వాక్యాలను మళ్లీ చదివి, వాటిలో ఏది కొట్టివేయవలసి వచ్చిందో గుర్తు పెట్టండి. ఆ కాగితం 5వ పాఠంలో అవసరమవుతుంది.