రేకుకు ఉన్న బెజ్జాన్ని గుండ్రంగా పెద్దది చేయడం ఎలా?

రేకుకు కొత్తగా బెజ్జం వేయడం తేలిక. ఉన్న బెజ్జాన్ని నాలుగైదు మిల్లీమీటర్లు పెద్దది చేయడం దగ్గరే తంటా. నాకీ సంగతి ఇంట్లో పాత కూలర్ నేర్పింది. నీళ్ల పైపు కోసం దాని పక్క పలకకు 8 మి.మీ. బెజ్జం ఉంది. దాన్ని 12 చేద్దామని డ్రిల్ మెషిన్‌కు 12 బిట్టు బిగించి, పలకను పీట మీద పెట్టి, ఎడమ చేత్తో అదిమి మొదలుపెట్టాను. రెండు క్షణాలు బాగానే తిరిగింది. ఆ తర్వాత బిట్టు రేకును పట్టేసుకుంది, పలక మొత్తం ఫ్యాను రెక్కలా గిర్రున తిరిగింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను కాబట్టి వేళ్లు మిగిలాయి. బెజ్జం మాత్రం సమోసాలా మూడు మూలలు తేలింది.

మామూలు డ్రిల్ బిట్టు కొనను ఆధారం చేసుకుని తిరుగుతుంది. కొన లోహంలో దిగి నిలబడితే, రెండు పక్కలా ఉన్న పదును అంచులు దాని చుట్టూ కోసుకుంటూ పోతాయి. బెజ్జం ముందే ఉంటే కొన గాల్లో వేలాడుతుంది. మందపాటి ఇనుప దిమ్మ అయితే బెజ్జం గోడలే బిట్టును పట్టి ఉంచుతాయి. ఒక మిల్లీమీటరు రేకుకు గోడలెక్కడివి? అందుకే బిట్టు ఊగుతుంది, దాని మెలిక స్క్రూలాగా రేకును పైకి లాగుతుంది. పోయిన ఆ కేంద్రాన్ని బిట్టుకు మళ్లీ ఎలా చూపించాలన్నదే ఈ పనిలో తెలుసుకోవలసిన కిటుకు.

ఉదాహరణకు బోరు మోటారు స్టార్టర్ డబ్బా తీసుకుందాం. 18 గేజ్ ఇనుప రేకు, అంటే సుమారు 1.2 మి.మీ. మందం. 20 మి.మీ. కండ్యూట్ పైపుకు (కరెంటు తీగలు దూర్చే గొట్టం) వేసిన బెజ్జం ఉంది, ఇప్పుడు 25 పైపు పట్టాలి.

ముందు కరెంటు సంగతి

కరెంటు పోయింది కదా అని డబ్బా తెరవకండి. ఆటో స్టార్టర్ ఉన్న చోట కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూశాకే చెయ్యి పెట్టండి. మెయిన్ దించినా, దానికి లైను వచ్చే వైపు తీగల్లో కరెంటు ఉంటుందని మరవకండి. వీలైతే డబ్బాను గోడ నుంచి దించి బల్ల మీద పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. దించలేకపోతే లోపల మోటారుకు కరెంటు కలిపే, తెంపే కాంటాక్టర్, రిలేలను పాత గుడ్డతో కప్పి, అంచులకు టేపు వేయండి. ఇనుప రజను కాంటాక్టుల మధ్య పడితే షార్ట్ అవుతుంది.

కళ్లద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు మాత్రం డ్రిల్ తిరుగుతున్నప్పుడు వద్దు. బిట్టు గుడ్డను పట్టుకుంటే వేలును కూడా లోపలికి లాగుతుంది. పొడుగు చేతుల చొక్కా అయితే మడిచి కట్టండి. రేకును పట్టుకుని మోసేటప్పుడు, అంచులు తుడిచేటప్పుడు తొడుగులు వేసుకోండి.

స్టెప్ బిట్టుతో

సన్నటి రేకుకు ఇంతకన్నా మంచి పనిముట్టు ఇంట్లో ఇంకోటి ఉండదని నా అభిప్రాయం. మెట్లు మెట్లుగా ఉండే శంకువు ఇది, హార్డ్‌వేర్ షాపులో స్టెప్ డ్రిల్ అని అడిగితే ఇస్తారు. 4 నుంచి 12, 4 నుంచి 20, 4 నుంచి 32 మి.మీ. రకాలు మామూలుగా దొరుకుతాయి. మనకు కావలసింది 32 వరకు వెళ్లేది. శంకువు బెజ్జంలోకి దిగి, 20 మెట్టు అంచుకు ఆనగానే తనంతట తాను మధ్యకు వస్తుంది. ఊగడానికి చోటుండదు.

కొనేముందు మెట్ల మీద ముద్రించిన అంకెలు చదవండి. 4–32 బిట్లలో చాలావాటికి మెట్లు రెండేసి మిల్లీమీటర్లు: 20, 22, 24, 26. అంటే 25 అనే మెట్టే లేదు! కండ్యూట్ పనికి ఇది ఇబ్బంది కాదు. 26 వరకు వెళ్తే పైపును డబ్బాకు కలిపే 25 అడాప్టర్ సులువుగా దూరుతుంది, దాన్ని బిగించే లాక్‌నట్ చుట్టూ మిగిలే ఆ అర మిల్లీమీటరు సందును కప్పేస్తుంది. పుష్ బటన్‌కో ఇండికేటర్ దీపానికో అయితే వేరు. వాటికి ప్రమాణం 22.3 మి.మీ. 22 మెట్టు దగ్గర ఆగి, మిగిలింది ఆకురాయితో నాలుగు రాపిళ్లు రాయాలి. 24కు పోతే బటన్ వదులుగా తిరుగుతుంది.

1. ఆగాల్సిన మెట్టు తర్వాతి మెట్టు మీద మార్కర్‌తో నల్లగా గీత పెట్టండి. రేకు తెగే క్షణంలో బిట్టు జారి ఒక మెట్టు ఎక్కువ దిగిపోవడం ఇందులో అందరూ చేసే తప్పు. నలుపు రేకును తాకకముందే ఆపాలి.

2. రేకు వెనక చెక్క ముక్క పెట్టి సి-క్లాంపుతో బిగించండి. బెజ్జం దగ్గర చెక్కకు కూడా బిట్టు దిగేంత పెద్ద కన్నం ఉండాలి, లేకపోతే బిట్టు కొన చెక్కకు తగిలి ఆగిపోతుంది. డబ్బా గోడకే ఉంటే ఈ చెక్క అక్కర్లేదు, డబ్బా కదలకుండా ఉంటే చాలు.

3. మెషిన్‌లో హ్యామర్ మోడ్ తీసేయండి. గోడకు వాడి అలాగే వదిలేసిన మెషిన్లే ఎక్కువ, ఆ అదురుకు బిట్టు పదును చిట్లుతుంది. బ్యాటరీ డ్రిల్ అయితే గేర్ 1.

4. వేగం తగ్గించండి. మామూలు ఇనుప రేకుకు 6400ను బెజ్జం వ్యాసంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో సుమారుగా వస్తుంది. 20 మి.మీ. దగ్గర 320, 26 దగ్గర 250. చేతి డ్రిల్ పూర్తిగా నొక్కితే నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతుంది కాబట్టి ట్రిగ్గర్ సగం కాదు, పావు కూడా నొక్కకూడదు.

5. అంచుకు రెండు చుక్కలు నూనె. కటింగ్ ఆయిల్ లేకపోతే ఇంజనాయిలైనా ఫర్వాలేదు.

6. మెషిన్‌ను రేకుకు నిటారుగా పట్టి, రెండు చేతులతో, బరువు సమానంగా వేయండి. ఒక్కో మెట్టు తెగినప్పుడు చెయ్యి కాస్త ముందుకు తూలినట్టు తెలుస్తుంది. అక్కడ ఆపి, రజను దులిపి, నూనె వేసి తర్వాతి మెట్టుకు వెళ్లండి.

రేకు మందం బిట్టు మెట్టు ఎత్తు కన్నా తక్కువే ఉండాలి. లేకపోతే కింది వైపు పూర్తిగా తెగకముందే పై వైపు తర్వాతి మెట్టు కోయడం మొదలుపెడుతుంది. ఇంట్లో తగిలే 22 గేజ్ (0.7 మి.మీ.) నుంచి 14 గేజ్ (2 మి.మీ.) రేకులకు ఆ దిగులు లేదు.

హోల్ సాతో: చెక్క ముక్కే కేంద్రం

స్టెప్ బిట్టు అందని చోట హోల్ సా, అంటే అంచుకు పళ్లున్న గిన్నెలాంటి గుండ్రటి రంపం. సింకు మీద పాత అర అంగుళం పిల్లర్ కుళాయికి 22 మి.మీ. బెజ్జం ఉంది, కొత్త మిక్సర్ కుళాయికి 35 కావాలి అనుకోండి. హోల్ సాకు మధ్యలో సన్నటి పైలట్ బిట్టు ఉంటుంది కానీ, అది పాత బెజ్జంలో గాల్లో తిరుగుతుంది. పళ్లు రేకు మీద జారి, మెరిసే స్టీలు మీద అరచేయంత గీతలు పడతాయి. కొత్త సింకు మీద అలాంటి గీత పడితే ఇంట్లో వినాల్సిన మాటలు వేరే ఉంటాయి.

ఉపాయం చిన్నదే. 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కకు ముందు అదే హోల్ సాతో 35 బెజ్జం వేయండి. ఆ చెక్కను సింకు మీద పెట్టి, పాత బెజ్జం దాని మధ్యకు వచ్చేలా చూసి, క్లాంపులతో బిగించండి. క్లాంపు పట్టని చోట రెండువైపులా అంటుకునే టేపు వాడండి. ఇప్పుడు పైలట్ బిట్టు తీసేసినా ఫర్వాలేదు, చెక్క బెజ్జమే హోల్ సాను చుట్టూ పట్టి నడిపిస్తుంది. వెనక చెయ్యి పట్టేంత చోటుంటే ఇంకో దారి ఉంది: బెజ్జం వెనక చెక్క ముక్క బిగిస్తే పైలట్ బిట్టు ఆ చెక్కలో దిగి నిలబడుతుంది. కొత్త బెజ్జం పాతదాని మధ్యలో కాకుండా ఒక పక్కకు జరగాలన్నా ఈ చెక్క పద్ధతులే దిక్కు. స్టెప్ బిట్టు పాత కేంద్రాన్ని వదలదు.

సింకులు ఎక్కువగా 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. దీని గుణం విచిత్రం: పదును కోయకుండా ఊరికే రాపిడి పెడితే ఆ చోటు ఇంకా గట్టిపడిపోతుంది. కాబట్టి వేగం 100 చుట్ల లోపు, ఒత్తిడి గట్టిగా, ఆపకుండా, నూనె ధారాళంగా. మెషిన్ ఊరికే తిరుగుతూ రజను రాకపోతే వెంటనే ఆపండి. బై-మెటల్ (పళ్లకు గట్టి స్టీలు, ఒంటికి వేరే స్టీలు) హోల్ సాయే కొనండి. చెక్కకు వాడే చవక రకం పళ్లు ఒక్క బెజ్జంతోనే మొండిబారతాయి.

ఆకురాయితో

ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు మెషిన్ తీయనక్కర్లేదు. బెజ్జంలో పెట్టబోయే వస్తువునే రేకు మీద పెట్టి సన్నటి మార్కర్‌తో చుట్టూ గీయండి, అదే మీ హద్దు. గుండ్రటి ఆకురాయి కన్నా అర్ధచంద్రంలా ఒక వైపు ఉబ్బుగా ఉండేది మెరుగు. సన్నటి గుండ్రటిది ఒకే చోట రాస్తే అక్కడ గుంట పడుతుంది. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, తోస్తూనే కాస్త తిప్పాలి, వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తాలి. నాలుగు రాపిళ్లకోసారి పావు వంతు పక్కకు జరగాలి. రేకును రెండు చెక్కల మధ్య బెజ్జానికి దగ్గరగా వైస్‌లో బిగించకపోతే అది కీచుమంటూ అదురుతుంది, ఇరుగుపొరుగు లేస్తారు. అల్యూమినియం రేకైతే ఆకురాయి పళ్ల మధ్య మెత్తటి లోహం ఇరుక్కుపోతుంది. ముందే సుద్దముక్కతో రుద్దితే అది తగ్గుతుంది.

ఇలాంటి బెజ్జాలు పది పదిహేను వేయాల్సి ఉంటే నాకౌట్ పంచ్ కొనుక్కోవడం న్యాయం. బోల్టును స్పానర్‌తో బిగిస్తుంటే రెండు ముక్కల మధ్య రేకు శుభ్రంగా తెగుతుంది, చప్పుడుండదు, రజనుండదు. బోల్టు పాత బెజ్జం కన్నా సన్నం కాబట్టి పంచ్ ఓ పక్కకు జరుగుతుంది. అందుకని ముందే రేకు మీద అడ్డం, నిలువు గీతలు గీసుకుని వాటికి సరిపెట్టాలి.

అంచు

తెగిన అంచుకు రెండు పక్కలా పదునైన పీలికలు లేస్తాయి. వాటిని వర్క్‌షాపుల్లో బర్ అంటారు. స్టెప్ బిట్టు తర్వాతి మెట్టును ఊరికే తాకించి తిప్పితే పై వైపు పోతుంది, వెనక వైపు ఆకురాయితో తీయాలి. చివర ఉప్పుకాగితం. వేలితో కాదు, పాత గుడ్డతో తడిమి చూడండి, ఎక్కడైనా పట్టుకుంటే ఇంకా ఉన్నట్టే. ఇనుప రేకైతే అంచుకు రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రంగు), జింకు పూత ఉన్న జి.ఐ. రేకైతే జింక్ పెయింట్ పూయండి. కోసిన చోట జింకు పూత పోయింది కాబట్టి వాన చినుకులకు తుప్పు మొదలయ్యేది అక్కడే. తీగలు నేరుగా దూరే బెజ్జానికి అంచును కప్పే రబ్బరు గ్రోమెట్ గానీ, తీగను బిగించి పట్టే గ్లాండ్ గానీ లేకుండా వదలొద్దు.

డబ్బాలో పడిన రజనును ఊదకండి, కళ్లలోకి వస్తుంది, కాంటాక్టర్ లోపలికీ పోతుంది. పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో వేసి మూలమూలలా తిప్పండి. రజనంతా కవర్‌కు అంటుకుంటుంది. బయటికి తెచ్చి అయస్కాంతాన్ని కవర్లోంచి లాగేస్తే అంతా ఒక్కసారిగా రాలిపోతుంది. ఇలా రెండు మూడు సార్లు చేసి, గుడ్డ తీసి, టార్చి వేసి చూసుకున్నాకే జేబులోని ఫ్యూజులు మళ్లీ పెట్టండి.