బ్లాక్ అండ్ వైట్ ఇంకులు: ఏది కొనాలి, స్టూడియోలోళ్ళకి ఎలా అమ్మాలి

కోనసీమలో ఏ పాత పెంకుటింటికెళ్ళినా వసారా గోడమీద తాతగారి బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి ఉంటుంది కదండీ, అది చెమ్మకి పాడైందని స్టూడియోకి తెస్తారు, వాళ్ళు స్కాన్ చేసి ఆరు రంగుల ట్యాంకు ప్రింటర్లో కొట్టిస్తారు, షాపులో ట్యూబ్‌లైటు కింద బానే ఉంటుంది, తీరా ఇంటికెళ్ళి వసారాలో పెట్టేసరికి తాతగారి మొహం ఆకుపచ్చగా తిరుగుద్ది. మళ్ళీ పట్టుకొచ్చి గొడవ. ఆ గొడవే మన వ్యాపారం.

ఎందుకంటే ప్రింటర్లో నల్ల ఇంకు ఒక్కటే ఉంటే లేత బూడిద రంగు కోసం సయాన్, మెజెంటా, పసుపు కూడా కలుపుద్ది, ఆ కలగలుపు ఒక్కో వెలుగులో ఒక్కోలా కనబడుద్ది. ఎప్సన్ 2005లో కే3 ఇంకులు తెచ్చి నలుపు, లేత నలుపు, ఇంకా లేత నలుపు అని మూడు పెట్టింది ఇందుకే. అమెరికాలో జాన్ కోన్ అనే ఆయన పీజోగ్రఫీ పేరుతో ఏడు షేడ్ల దాకా వెళ్ళాడు, అందులో రంగే ఉండదు, అన్నీ నలుపులే. కాకపోతే రంగుల చోట నలుపులు పోస్తే ప్రింటర్‌ని నడిపే మామూలు సాఫ్ట్‌వేర్‌కి (డ్రైవర్) ఆ సంగతి తెలీదు, క్వాడ్‌టోన్ రిప్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి, అదీ కొన్ని ఎప్సన్ మోడళ్ళకే పనిచేస్తుంది, కాబట్టి లిస్టులో మీ మోడల్ ఉందో లేదో చూసుకున్నాకే ఇంకు కొనండి. ఆ ప్రింటర్ ఇక కలర్‌కి పనికిరాదని కస్టమర్‌కి ముందే చెప్పాలి. వారంటీలో ఉన్న కొత్త మిషన్ జోలికి పోవద్దు, మూలన ఖాళీగా పడున్నది అడగండి.

డై ఇంకు (రంగు పూర్తిగా కరిగిపోయినది) మంచిదా, పిగ్మెంట్ ఇంకు (రంగు మెత్తటి పొడిగా తేలుతుండేది) మంచిదా అంటే మన ఊళ్ళకి పిగ్మెంటే. డై చవక, గ్లాసీ మీద మెరుస్తుంది, కానీ ఎండకి వెలుస్తుంది, తడి తగిలితే పాకుద్ది. పిగ్మెంట్లో కార్బన్‌ది మంచిది. కార్బన్ అంటే మన కాటుకే అనుకోండి, దీపం మసి వెలవదుగా. అయితే ఒట్టి కార్బన్ కాస్త గోధుమరంగు కొడుతుంది, అది పోగొట్టడానికి కంపెనీలు నీలం లాంటి పిగ్మెంట్లు కొంచెం కలుపుతాయి, వెలిసేటప్పుడు ముందు వెలిసేది అవే. అందుకని "న్యూట్రల్" అని రాసున్న సీసా కొనేముందు అందులో ఏం కలిపారో అడగండి. నన్నడిగితే తాతల ఫొటోలకి ఆ గోధుమరంగే అందం.

నలుపులోనూ రెండున్నాయి. మెరుపు లేని మ్యాట్ పేపర్‌కి మ్యాట్ బ్లాక్, గ్లాసీకి ఫొటో బ్లాక్. తారుమారైతే మ్యాట్ మీద నలుపు బూడిదలా చప్పగా వస్తుంది, గ్లాసీ మీదేమో వేలికి అంటుకుంటుంది.

నేను మొదట్లో చేసిన తెలివితక్కువ పని చెప్తా. ట్యూబుల్లో పాత డై ఉండగానే పైన పిగ్మెంట్ పోసేశా, రెండూ కలిసి లోపల విరిగిన పాలలా అయ్యి ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోయింది, మిషన్ పోయింది, ఆ స్టూడియో కుర్రాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. క్లీనింగ్ లిక్విడ్ తేటగా వచ్చేదాకా కడగాలి, హెడ్‌కి ముందు ఇంకు వడకట్టే చిన్న డబ్బీలు (డ్యాంపర్లు) మార్చాలి, ఆ తర్వాతే పొయ్యాలి. పిగ్మెంట్ అడుక్కి దిగుద్ది, సీసాని మెల్లగా తిప్పుతుండాలి, రోజు విడిచి రోజు హెడ్ రంధ్రాలు మూసుకుపోలేదని చూసే నాజిల్ చెక్ ప్రింటు కొట్టాలి.

అమ్మేముందు మీరే టెస్ట్ చేసుకోండి. తెలుపు నుంచి నలుపు దాకా 21 గళ్ళ పట్టీ ఒకటి కొట్టి రాత్రంతా ఆరనిచ్చి చూడండి, చివరి మూడు గళ్ళు విడివిడిగా కనబడాలి, కలిసిపోతే తాతగారి కోటు మడతలు కనబడవు. ఇంకో ప్రింటు సగం అట్టతో మూసి, ఎండ పడే కిటికీకి అంటించి రెండు నెలలు వదిలెయ్యండి. అట్ట తీసిన రోజు ఏ ఇంకు ఎంతదో తెలిసిపోద్ది.

ఇక అమ్మకం. పాంప్లెట్లు దండగ. ఒకే ఫొటో కలర్ ఇంకుతో ఒకటి, మీ ఇంకుతో ఒకటి కొట్టి సంచిలో పెట్టుకుని తిరగండి. పాలకొల్లులో ఒకాయన "ఏమండీ, మామూలు ఇంకు ఇంతకంటే చవగ్గా వస్తోంది కదా" అన్నాడు. "ఆయ్, వస్తుంది బాబాయ్ గారూ, ఈ రెండూ పట్టుకుని ఓసారి అరుగు మీదకి రండి" అన్నా. ఎండలో ఒకటి ఆకుపచ్చగా తిరిగింది, ఇంకోటి కదల్లేదు. ఆయనే రేటు అడిగాడు.

రేటు లీటర్లలో చెప్పొద్దు, ప్రింటుకి ఎంత పడుద్దో చెప్పండి. ట్యాంకుని ఒక గీత దాకా నింపాక సీసా తూచండి, ఇరవై ప్రింట్లయ్యాక ట్యాంకుని మళ్ళీ అదే గీత దాకా నింపి సీసాని ఇంకోసారి తూస్తే లెక్క తేలిపోద్ది, బంగారం కొట్లో కాటా అయితే ఇంకా కచ్చితం. "వందేళ్ళు ఉంటుంది" అని మాత్రం అనొద్దు. ప్రింట్లు ఎన్నాళ్ళకి వెలుస్తాయో పరీక్షించే అమెరికాలోని విల్‌హెల్మ్ వాళ్ళ ల్యాబ్ కూడా ఫలానా ఇంకు ఫలానా పేపర్ మీద అనే లెక్క కడుతుంది, ఒట్టి ఇంకుకి కాదు. పైగా మన గోడల చెమ్మ ఉండనే ఉంది, 86 గోదావరి వరదలో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలు ఇప్పటికీ వస్తున్నాయి, అందుకే ఫొటోకీ అద్దానికీ మధ్య మౌంటు (అట్ట చట్రం) పెట్టమని ఇంకుతో పాటే చెప్పండి.

ఇంకు, పేపరు, సెట్టింగు, మొదటిసారి వెళ్ళి పోసిరావడం, నాలుగూ కలిపి ఒక సెట్టుగా అమ్మితేనే నిలబడుద్ది. సంక్రాంతికి అల్లుళ్ళూ కూతుళ్ళూ దిగేముందే స్టూడియోల్లో సరుకుండాలి, పాత ఫొటోలు బయటికొచ్చేది అప్పుడే. అరువిస్తే మాత్రం ముహూర్తాలున్న నెలలోనే వసూలు చేసుకోండి, మూఢం వచ్చాక ఏ స్టూడియోలోనూ గల్లాపెట్టె మోగదు.